హిట్టు లేని బ్యాండు... ఊళ్లో వంతెనకు పేరు!

పన్నెండేళ్లు పాడినా టాప్ 40లో ఒక్క పాటా లేదు. అయినా ఆ బృందంలో ఎవరి కెరీర్ కూడా వృథా కాలేదు. గిటార్ పక్కన పెట్టి ప్లేస్‌మెంట్స్‌కి ప్రిపేర్ అవుతున్న మీకు ఆ కథలో పనికొచ్చేది చాలా ఉంది.

సారపాక దాటి బస్సు గోదావరి వంతెన ఎక్కగానే సగం మంది కిటికీ వైపు తిరిగి దండం పెట్టుకుంటారు. 1965లో అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన వంతెన అది. పక్కనే ఇప్పుడు రెండోది కూడా వచ్చింది. మన దగ్గర వంతెనలకు ఎవరి పేర్లు పెడతారో మీకు తెలిసిందే. నాయకులవి, దేవుళ్లవి, లేదంటే ఊరి పేరే. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో నది మీద 2010లో ప్రారంభించిన ఒక వంతెనకు మాత్రం ఓ మ్యూజిక్ బ్యాండ్ పేరు పెట్టారు. అది 'గో బిట్వీన్ బ్రిడ్జ్'. ఆ బ్యాండ్ 'ది గో-బిట్వీన్స్'.

ఈ పేరు ఎప్పుడూ వినలేదా? ఫర్వాలేదు. సొంత దేశంలోనూ చాలామంది వినలేదు. అటు ఆస్ట్రేలియాలో గానీ, ఇటు బ్రిటన్‌లో గానీ వాళ్ల పాట ఒక్కటి కూడా టాప్ 40లోకి రాలేదు. మరి వంతెనకు పేరెలా వచ్చింది? అంతకన్నా ముఖ్యంగా, ఉద్యోగాల పేజీలో వాళ్ల సంగతి మనకెందుకు?

ఎందుకంటే మీలో చాలామందికి రోజూ ఎదురయ్యే ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబుంది. 'దీంతో ఏమొస్తుంది?' అనే ప్రశ్న అది. మీరు వాయించేది గిటార్ కావచ్చు, డప్పు కావచ్చు. షార్ట్ ఫిల్మ్ తీస్తుండొచ్చు, కాలేజీ ఫెస్ట్‌లో సౌండ్ సిస్టమ్ చూసుకుంటుండొచ్చు. మిర్చి అమ్మిన డబ్బుతో ఫీజు కట్టిన ఇంట్లో ఆ ప్రశ్న రావడం తప్పు కాదు. జవాబు మీ దగ్గర లేకపోతేనే ఇబ్బంది.

జాంగిల్ అంటే ఏంటి?

హెడ్‌ఫోన్లు టెస్ట్ చేసి రివ్యూలు రాయడం నా పనిలో భాగం. పై స్థాయి శబ్దాలు ఎంత స్పష్టంగా వినిపిస్తున్నాయో చూడ్డానికి నేను ఎక్కువగా వాడేది ఈ రకం సంగీతమే. పేరు జాంగిల్ పాప్. గిటార్ తీగలన్నింటినీ ఒక్కసారిగా బాదకుండా ఒక్కో తీగను విడివిడిగా మీటుతూ పోతారు. డిస్టార్షన్ దాదాపు ఉండదు. తీగలు గజ్జెల్లా ఘల్లుఘల్లుమంటాయి. 'జాంగిల్' అనే మాట ఆ చప్పుడునే గుర్తుచేస్తుంది.

దీని మూలాలు 1960ల్లో ఉన్నాయి. 1964లో బీటిల్స్ సభ్యుడు జార్జ్ హారిసన్, 1965లో అమెరికన్ బ్యాండ్ ది బర్డ్స్ 12 తీగల రికెన్‌బ్యాకర్ గిటార్‌తో ఈ ధ్వనిని జనంలోకి తెచ్చారు. 1980లకు వచ్చేసరికి పెద్ద స్టూడియో, పెద్ద కంపెనీ అండ లేని కుర్రాళ్లకు ఇది సొంత భాషైపోయింది. కారణం సింపుల్. ఒక గిటార్, ఒక చిన్న ఆంప్లిఫయర్, చెప్పడానికి నాలుగు మాటలు ఉంటే చాలు. ఇప్పుడు ల్యాప్‌టాప్ ముందేసుకుని హాస్టల్ గదిలో పాట చేస్తున్న మీకు, అప్పటి వాళ్లకు పెద్ద తేడా లేదు.

క్లాస్‌రూమ్ నుంచి మొదలు

రాబర్ట్ ఫోర్‌స్టర్, గ్రాంట్ మెక్లెన్నన్ ఇద్దరూ యూనివర్సిటీ ఆఫ్ క్వీన్స్‌ల్యాండ్ విద్యార్థులు. అక్కడే పరిచయం. మెక్లెన్నన్‌కు సినిమాలు, పుస్తకాలంటే పిచ్చి. వాయిద్యం మాత్రం ఒక్కటీ రాదు. ఫోర్‌స్టరే అతనికి బేస్ గిటార్ నేర్పించాడు. 1977 చివర్లో బ్యాండ్ మొదలైంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మన దగ్గర టీమ్ కట్టేటప్పుడు ముందు ఏం చూస్తాం? 'వాడికి కోడింగ్ వచ్చా, వీడికి డిజైన్ వచ్చా' అని. ఫోర్‌స్టర్ చూసింది వేరు. తనలాంటి అభిరుచి, తనతో పాటు కూర్చుని పని చేసే ఓపిక ఉన్న మనిషిని చూశాడు. వాయిద్యం నెలల్లో నేర్పొచ్చు, అభిరుచిని నేర్పడం కష్టం. ఆ నేర్పించినవాడు తర్వాత ఫోర్‌స్టర్‌తో సమానంగా పాటలు రాశాడు.

1978లో తొలి సింగిల్ వేశారు. చిన్న సొంత లేబుల్ మీద కొన్ని వందల కాపీలు మాత్రమే. ఆ పాట పేరు 'లీ రెమిక్'. అది ఓ హాలీవుడ్ నటి పేరు. బ్రిస్బేన్ అప్పటికి సిడ్నీ, మెల్‌బోర్న్‌ల ముందు చిన్నబోయే ఊరు. పాటల కంపెనీలు లేవు, పట్టించుకునే పత్రికలు లేవు. కొత్తగూడెంలోనో, మణుగూరులోనో కూర్చుని 'ఏది చేయాలన్నా హైదరాబాద్ పోవాల్సిందే' అని మీరు అనుకుంటారే, అచ్చం అలాంటి పరిస్థితి. 1979 చివర్లో లండన్‌కు బయల్దేరారు. 1980లో స్కాట్లాండ్‌లోని పోస్ట్‌కార్డ్ అనే చిన్న లేబుల్ వాళ్ల రికార్డు వేసింది. అదే ఏడాది లిండీ మోరిసన్ డ్రమ్మర్‌గా చేరింది. అంతకుముందు ఆమె సోషల్ వర్కర్. ఆదివాసుల న్యాయ సహాయ సంస్థలో పనిచేసి వచ్చింది. ఈ వివరం గుర్తుంచుకోండి, తర్వాత అవసరమవుతుంది.

ఆరు ఆల్బమ్‌లు, ఖాతాలో సున్నా

1981 నుంచి 1988 దాకా ఆరు ఆల్బమ్‌లు చేశారు. విమర్శకులు ఎత్తుకున్నారు. తోటి సంగీతకారులు అభిమానించారు. కొనేవాళ్లు మాత్రం తక్కువ. ఒక లేబుల్ దగ్గర కుదురుకునేలోపే మరో లేబుల్‌కు మారాల్సి వచ్చేది. పోస్ట్‌కార్డ్, రఫ్ ట్రేడ్, సైర్, బెగ్గర్స్ బాంకెట్... ఇలా పదేళ్లలో చాలా గడపలు తొక్కారు. మన భాషలో చెప్పాలంటే ప్రతి రెండేళ్లకూ కంపెనీ మారడమే, హైక్ మాత్రం లేదు.

1983లో వచ్చిన 'క్యాటిల్ అండ్ కేన్' పాట సంగతి చెప్పాలి. లండన్‌లో ఉంటూ మెక్లెన్నన్ తన చిన్ననాటి క్వీన్స్‌ల్యాండ్ పల్లెను తలుచుకుని రాసిన పాట. చెరకు తోటలు, బడి నుంచి ఇంటికి రావడం, చిన్నప్పుడే దూరమైన తండ్రి. లండన్ శ్రోతల కోసం లండన్ గురించి రాయలేదు. తన ఊరి గురించే రాశాడు. ఆ రోజుల్లో అది పెద్దగా అమ్ముడుపోలేదు. కానీ 2001లో ఆస్ట్రేలియా పాటల రచయితల, స్వరకర్తల సంఘం ఆప్రా ఆ దేశపు అత్యుత్తమ పాటల్లో 30ని ఎంపిక చేస్తే అందులో ఇదీ ఉంది. మధ్యలో గడిచింది 18 ఏళ్లు.

1988లో 'స్ట్రీట్స్ ఆఫ్ యువర్ టౌన్' వచ్చింది. రేడియోకి సరిగ్గా సరిపోయే పాట. ఈసారి హిట్ ఖాయమని అందరూ అనుకున్నారు. బ్రిటన్ చార్ట్‌లో 80వ స్థానం దగ్గరే ఆగిపోయింది. 1989 చివర్లో బ్యాండ్ విడిపోయింది. అప్పటికి వాళ్లలో ఎక్కువమంది వయసు ముప్పైల్లో. చేతిలో ఆరు ఆల్బమ్‌లు, పేరున్న పత్రికల్లో మంచి రివ్యూలు, బ్యాంకులో చెప్పుకోదగ్గదేమీ లేదు.

దీన్ని అందంగా చూపించి మిమ్మల్ని మభ్యపెట్టడం నా ఉద్దేశం కాదు. డబ్బు రాని పన్నెండేళ్లు అంటే ఎంత కష్టమో ఉద్యోగం కోసం అశోక్‌నగర్ గదుల్లో మూడేళ్లు గడిపిన ఎవరినడిగినా చెబుతారు. అక్కడితో కథ ఆగిపోయి ఉంటే 'చూశావా, అందుకే వద్దన్నా' అనే పెద్దవాళ్ల మాటే గెలిచేది.

విడిపోయాక ఏం చేశారు?

కెరీర్ పాఠం ఇక్కడే మొదలవుతుంది. ఒక్కొక్కరినీ చూడండి.

లిండీ మోరిసన్: సోషల్ వర్కర్‌గా మొదలై డ్రమ్మర్ అయిన ఆమె, బ్యాండ్ తర్వాత ఆ రెండింటినీ కలిపింది. అనారోగ్యం, అప్పులు, పని దొరకకపోవడం లాంటి కష్టాల్లో ఉన్న సంగీతకారులకు సాయం చేసే 'సపోర్ట్ యాక్ట్' అనే సంస్థలో ఏళ్ల తరబడి పనిచేసింది. సంగీతకారుల బాధ పుస్తకాల్లో చదివి తెలుసుకున్న మనిషి కాదు కాబట్టే ఆ పనికి ఆమె సరిపోయింది.

అమాండా బ్రౌన్: 1986లో చేరింది. వయొలిన్, ఓబో వాయించేది. తర్వాత సినిమాలు, టీవీ సీరియళ్లకు నేపథ్య సంగీతం సమకూర్చే వృత్తిలో స్థిరపడింది.

రాబర్ట్ వికర్స్: బేస్ గిటారిస్ట్. న్యూయార్క్‌లో సంగీత రంగంలోనే పబ్లిసిస్ట్ అయ్యాడు. రివ్యూల కోసం తన బ్యాండ్ పడిన తిప్పలు చూసినవాడికి ఆ పని ఎలా చేయాలో ఒకరు చెప్పక్కర్లేదు.

జాన్ విల్‌స్టీడ్: చివరి ఏళ్లలో బేస్, గిటార్ వాయించాడు. సౌండ్ డిజైన్ చేశాడు, బ్రిస్బేన్‌లోని యూనివర్సిటీలో అధ్యాపకుడయ్యాడు.

రాబర్ట్ ఫోర్‌స్టర్: పాటలు రాసిన చెయ్యి వ్యాసాలూ రాసింది. 2005 నుంచి 'ది మంత్లీ' అనే పత్రికకు సంగీత విమర్శలు రాశాడు. 2006లో విమర్శకు ఇచ్చే పాస్కల్ ప్రైజ్ అందుకున్నాడు. 2009లో వ్యాస సంపుటి, 2016లో మెక్లెన్నన్‌తో స్నేహం గురించి 'గ్రాంట్ అండ్ ఐ' అనే పుస్తకం వచ్చాయి.

గమనించారా? పన్నెండేళ్ల అనుభవాన్ని ఎవరూ చెత్తబుట్టలో వేయలేదు. బ్యాండ్ మూతపడింది గానీ అందులో నేర్చుకున్న పని మూతపడలేదు. నలుగురితో తగువుపడుతూనే గడువులోగా పని పూర్తి చేయడం, ఒప్పందం చదవడం, శబ్దాన్ని అర్థం చేసుకోవడం, తెలియనివాళ్ల ముందు నిలబడటం, అన్నీ వేరే రూపంలో జీతం తెచ్చాయి.

ఇంకో మలుపు కూడా ఉంది. 2000లో ఫోర్‌స్టర్, మెక్లెన్నన్ మళ్లీ కలిసి అదే పేరుతో మూడు ఆల్బమ్‌లు చేశారు. మూడోది 'ఓషన్స్ అపార్ట్', 2005లో ఆస్ట్రేలియా సంగీత పరిశ్రమ ఇచ్చే ఏరియా అవార్డు గెలిచింది. మొదలుపెట్టిన 28 ఏళ్లకు! మరుసటి ఏడాది మే 6న మెక్లెన్నన్ నిద్రలోనే కన్నుమూశాడు. వయసు 48. నాలుగేళ్ల తర్వాత వంతెన వచ్చింది. ఊరు వదిలి వెళ్లి కూడా ఊరి గురించే పాడినవాళ్లకు ఆ ఊరు ఇచ్చిన గుర్తింపు అది.

ఇక మన అడవి అంచుకు రండి

బ్రిస్బేన్ కథ బాగుంది, మన దగ్గర కుదురుతుందా అంటారా? మన దగ్గరి కథలు కూడా ముందు పెట్టుకుని చూద్దాం. పోలిక మొత్తం సంతోషంగా ఉండదు, ముందే చెబుతున్నా.

నేలకొండపల్లి కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీల్దారు. ఉద్యోగం చరిత్ర పుస్తకాల్లో మిగిలింది, రామదాసుగా రాసిన పాట జనం నోట మిగిలింది. అంటే ఉద్యోగం చేస్తూ పాట కట్టడం మన నేలకు కొత్త కాదు.

మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య కోయ డోలు కళాకారుడు. సమ్మక్క-సారలమ్మల గాథలు, కోయల వంశ కథలు డోలు వాయిస్తూ పాడేవారు. ఏ పుస్తకమూ చూడకుండా, నోటి నుంచి నోటికి వచ్చిన విద్యతో. 2022లో కేంద్రం పద్మశ్రీ ఇచ్చాకే మన జిల్లాలోనే చాలామందికి ఆయన పేరు తెలిసింది. 2024 జూన్‌లో ఆయన కన్నుమూశారు. అలాంటి కళాకారుడు వెళ్లిపోతే ఒక లైబ్రరీ మూతపడినట్టే.

ఆయనతో పాటు అదే ఏడాది పద్మశ్రీ అందుకున్న 12 మెట్ల కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య మీకు బాగా తెలుసు. 2021లో 'భీమ్లా నాయక్' పాట మొదట్లో వినిపించేది ఆయన గొంతే. కోట్లమంది విన్నారు. అయినా 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో కూలి పనికి వెళ్తున్న ఫొటోలు పత్రికల్లో వచ్చాయి.

ఈ మూడో కథను, గో-బిట్వీన్స్ కథను పక్కపక్కన పెట్టండి. ఒకరికి హిట్ లేదు, ఆదాయ మార్గాలు దొరికాయి. ఇంకొకరికి దేశమంతా తెలిసిన పాట ఉంది, క్రమం తప్పని ఆదాయం లేదు. పేరు వేరు, కెరీర్ వేరు అని అర్థమవుతుంది. మధ్యలో ఉండేవి రెండు: ఒకటి, పాట పక్కన ఇంకో పని తెలిసి ఉండటం. రెండు, కాగితం.

తెలుగు ఇండిపెండెంట్ బ్యాండ్లలోనూ ఇదే చూడొచ్చు. 2020 మార్చిలో కరోనా జాగ్రత్తల మీద పాట చేసి ఫోన్లన్నీ నింపేసింది 'చౌరస్తా' బ్యాండ్. అందులో పాడిన రామ్ మిరియాల మరుసటి ఏడాది 'జాతిరత్నాలు'లో 'చిట్టి' పాటతో సినిమా శ్రోతలకు దగ్గరయ్యాడు. బ్యాండ్‌లో పదును పెట్టుకున్న గొంతే సినిమాలో జీతమైంది.

పాట మీది... కాగితం ఎవరిది?

ఇంజినీరింగ్ విద్యార్థులకు అర్థమయ్యేలా చెబుతా. ఒక పాటలో రెండు హక్కులుంటాయి. సాహిత్యం, బాణీ ఒకటి. ఇది సోర్స్ కోడ్ లాంటిది. దాన్ని పాడి రికార్డు చేసిన ఫైల్ రెండోది. ఇది బిల్డ్ లాంటిది. రెండింటి యజమానులు వేరు వేరు కావచ్చు, డబ్బు కూడా వేర్వేరు దారుల్లో వస్తుంది.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. 2012లో సవరించాక రచయితలు, స్వరకర్తలకు రాయల్టీలో సమాన వాటా హక్కు బలపడింది. గుర్తుంచుకోవాల్సినవి ఇవీ:

• పాట రాసిన క్షణం నుంచే హక్కు మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. చేయించుకుంటే గొడవ వచ్చినప్పుడు రుజువుగా పనికొస్తుంది.

• సాహిత్యం, బాణీ మీద హక్కు రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. రికార్డింగ్ మీద విడుదలైన తర్వాత 60 ఏళ్లు.

• హక్కులు ఎవరికైనా రాసిచ్చేది రాతపూర్వకంగానే, సంతకంతోనే చెల్లుతుంది. నోటిమాట చెల్లదు. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లని, ఎక్కడికో రాయకపోతే మన దేశం వరకేనని చట్టం భావిస్తుంది. 'శాశ్వతంగా, ప్రపంచమంతటా' అని ఉంటే పెన్ను పక్కన పెట్టి ఇంకోసారి చదవండి.

• రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే ఐపీఆర్‌ఎస్ 1969 నుంచి ఉంది. గాయకుల కోసం వేరే సొసైటీ ఉంది. సభ్యులైతేనే మీ వాటా మీ వరకు వస్తుంది.

• ప్రతి రికార్డింగ్‌కు 12 అక్షరాల ఐఎస్‌ఆర్‌సీ కోడ్ ఉంటుంది. మన ఆధార్ లాంటిది. పేర్లు తప్పు పడితే డబ్బు తప్పు ఖాతాకు పోతుంది.

• స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాటకు గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 స్ట్రీమ్‌లు లేకపోతే రికార్డింగ్ రాయల్టీ లెక్కలోకే రాదు. కాబట్టి అప్‌లోడ్ చేసి జీతం కోసం ఎదురుచూడొద్దు.

స్నేహితుల మధ్య కాగితాలేంటి అనుకుంటాం. పాట విడుదల కాకముందే ఒక పేజీ రాసుకోండి. సాహిత్యం ఎవరిది, బాణీ ఎవరిది, మిక్సింగ్ ఎవరు చేశారు, ఎవరికి ఎంత వాటా. దీన్నే స్ప్లిట్ షీట్ అంటారు. అందరూ సంతకం చేసి ఫొటో తీసి గ్రూప్‌లో పెట్టుకోండి. పది నిమిషాల పని. డబ్బు లేనప్పుడే రాసుకోవడం సులువు, వచ్చాక కష్టం.

రెజ్యూమెలో బ్యాండ్‌ను ఎలా చెప్పాలి?

'హాబీస్: లిజనింగ్ టు మ్యూజిక్' అని రాస్తే ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఆ లైన్ చదవరు. అదే పనిని పనిలా రాస్తే చదువుతారు. ఉదాహరణకు ఇలా:

• 'కాలేజీ బ్యాండ్‌లో సభ్యుడిని' అనే బదులు: 'ఐదుగురి బృందంతో రెండేళ్లలో నాలుగు పాటలు రికార్డు చేసి విడుదల చేశాం, రికార్డింగ్, మిక్సింగ్ బాధ్యత నాది.'

• 'ఫెస్ట్ ఆర్గనైజ్ చేశాను' అనే బదులు: '16 ఛానెళ్ల మిక్సర్‌తో లైవ్ సౌండ్ నిర్వహించాను, మధ్యలో విద్యుత్ పోయినప్పుడు పది నిమిషాల్లో కార్యక్రమం మళ్లీ మొదలయ్యేలా చూశాను.'

• 'పాటలు రాస్తాను' అనే బదులు: 'విడుదలైన మూడు పాటలకు సాహిత్యం, హక్కుల పత్రం, మెటాడేటా నేనే తయారు చేశాను.'

అంకెలు మీవే అయి ఉండాలి, నిజమై ఉండాలి. తర్వాతి ప్రశ్న కచ్చితంగా దాని మీదే వస్తుంది. 'గొడవొస్తే ఎలా సర్దుకున్నారు?' అని అడిగితే చెప్పడానికి బ్యాండ్‌లో ఉన్నవాళ్లకు ఉదాహరణల కొరత ఉండదు కదా!

ఈ చుట్టుపక్కలే మొదలుపెట్టొచ్చు

హైదరాబాద్ పోకుండా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

ఆకాశవాణి కొత్తగూడెం ఎఫ్‌ఎం కేంద్రం మనకు దగ్గర్లోనే ఉంది. ఆకాశవాణి ఆడిషన్ పెట్టి బి, బి-హై, ఏ, టాప్ అని గ్రేడ్లు ఇస్తుంది. గ్రేడ్ ఉన్న కళాకారులకు కార్యక్రమాలకు పారితోషికం ఉంటుంది. సంప్రదాయ సంగీతం, జానపదం పాడేవాళ్లు నోటిఫికేషన్లు గమనిస్తూ ఉండండి.

ఆడియో పని నేర్చుకోవాలంటే ఆడాసిటీ ఉచితం. డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ మీ సిలబస్‌లోనే ఉందంటే దాన్ని పాసయ్యే సబ్జెక్ట్‌లా వదిలేయకండి. ఎన్‌పీటెల్‌లో పాఠాలున్నాయి. పైథాన్ తెలిసినవాళ్లు లిబ్రోసా లైబ్రరీతో డోలు దరువు వేగం ఎలా మారుతోందో గ్రాఫ్ గీసి చూడండి. అందరూ చేసే ఇళ్ల ధరల ప్రాజెక్ట్ కంటే ఇది ఇంటర్వ్యూలో గుర్తుంటుంది. శబ్దమే వృత్తి అనుకుంటే పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్‌లలో సౌండ్ కోర్సులున్నాయి. రెండింటికీ ప్రవేశ పరీక్ష రాయాలి, డిగ్రీ ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన పని మీ ఊళ్లోనే ఉంది. కోయ భాష రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లో లేదు. ఆ భాషలో రికార్డింగ్‌లు, డేటా చాలా తక్కువ. మీ ఫోన్‌లో ఉచిత రికార్డర్ యాప్‌తో 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైల్ తీయొచ్చు. దుమ్ముగూడెం, చర్ల, మణుగూరు వైపు ఇంకా పాడుతున్న పెద్దవాళ్లున్నారు. వెళ్లే ముందు మూడు నియమాలు పెట్టుకోండి. అనుమతి అడగండి. పేరు, ఊరు, తేదీ ఫైల్‌తో పాటు రాయండి. కాపీ ఒకటి ఆ కుటుంబానికి ఇవ్వండి. వాళ్ల పాట మీ ఛానెల్‌లో పెడితే హక్కు వాళ్లదేనని ముందే ఒప్పుకోండి. మొగులయ్య కథలో కనిపించిన ఖాళీని నింపే పని చిన్నదే అయినా ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఆర్కైవింగ్, భాషా సాంకేతికత రంగాల్లో ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఈ అనుభవం మీ తరఫున మాట్లాడుతుంది.

ఇంట్లో ఏం చెప్పాలి?

'సంగీతమా, ఉద్యోగమా' అని ఇంట్లో వాదన పెట్టుకోకండి. ఆ వాదనలో ఎవరూ గెలవరు. దానికి బదులు ఒక కాగితం మీద మూడు అంకెలు రాసి నాన్న ముందు పెట్టండి. వారానికి ఎన్ని గంటలు పెడతారు, నెలకు ఎంత ఖర్చవుతుంది, ఏ తేదీకి ఆగి లెక్క చూసుకుంటారు. ఉదాహరణకు వారానికి ఆరు గంటలు, నెలకు 500 రూపాయలు, ఫైనల్ ఇయర్ పరీక్షల తర్వాత సమీక్ష. ప్రిపరేషన్ గంటలు వేరే వరుసలో రాయండి. 'అంతా ఆపేస్తా' అనో, 'ఇదే నా జీవితం' అనో అనడం కంటే ఈ కాగితానికి ఇంట్లో విలువ ఎక్కువ.

సమీక్ష రోజు వచ్చినప్పుడు హిట్ వచ్చిందా అని అడక్కండి. నాలుగు ప్రశ్నలు వేసుకోండి. నిరుటికంటే ఏం కొత్తగా వచ్చు? పూర్తి చేసిన పని ఏది, లింక్ ఇవ్వగలరా? దాని మీద మీ పేరు, మీ వాటా రాసి ఉన్నాయా? మళ్లీ కలిసి పనిచేద్దాం అనేవాళ్లు ఎంతమంది? నాలుగింటికీ జవాబు ఉంటే ఆ గంటలు దండగ కాలేదు. ఒక్కదానికీ లేకపోతే విధానం మార్చండి, లేదా కొన్నాళ్లు ఆపండి. ఆపినా నేర్చుకున్నది మీ దగ్గరే ఉంటుంది.

1989 డిసెంబర్‌లో ఎవరైనా గో-బిట్వీన్స్ లెక్క తీసి ఉంటే ఫెయిల్ అనే రాసేవారు. ఆ లెక్కలో డ్రమ్మర్‌ చేతిలోని సేవా అనుభవం, వయొలినిస్ట్‌ చెవి, గిటారిస్ట్ రాసే వాక్యం కనిపించవు. మీ రిపోర్టు కార్డులోనూ అలాంటివి కనిపించవు. వాటిని కనిపించేలా రాసుకోవాల్సింది మీరే. ఈ ఆదివారం రెజ్యూమె ఫైల్ తెరిచి 'హాబీస్' లైన్ తీసేసి, ఆ చోట మీరు పూర్తి చేసిన ఒక్క పని రాయండి.